చర్ల రోడ్డు స్వయం మరమ్మతు సంఘం

ఖమ్మం నుంచి చర్ల దాకా, ఎంత మొండికేసిన లారీనైనా బానెట్ మీద ఒక్క దెబ్బతో లేపగలిగింది నేనొక్కడినే. ఈ మాట మొన్న బుధవారం పొద్దున ఎనిమిదింటి దాకా నిజం.

ఎనిమిదింటికి మా జయప్రకాశ్ బాబాయి లారీ స్టార్ట్ కాలేదు. అందులో ఉన్నవి భీమక్క ఎండు మిర్చి, నలభై బస్తాలు, ఆమె ఏడాది పంట. రాత్రికల్లా ఖమ్మం చేరితేనే మర్నాటి వేలంలో పడతాయి. ఆ తర్వాత మార్కెట్‌కు మూడు రోజులు సెలవు. అడవి మీద మబ్బు పట్టింది.

అక్కడికక్కడే స్వయం మరమ్మతు సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు బాబాయి, సభ్యులు చుట్టూ చేరినవాళ్లంతా. నిబంధన ఒకటి: బండి ఆగితే ముందు టైర్లు తన్నాలి (టైర్లకు సంబంధం లేకపోయినా మర్యాద మర్యాదే). రెండు: సైకిల్ చైన్ ఎక్కించడం వచ్చిన ప్రతివాడికీ ఇంజిన్ మీద అభిప్రాయం చెప్పే హక్కుంది. మూడు: విప్పగలిగిందంతా విప్పేశామని సంఘం ధ్రువీకరించాకే మెకానిక్‌ను పిలవాలి.

"మంగీలాల్‌కు ఫోన్ కొట్టనా బాబాయ్?"

"ఆడొచ్చి చేసేదేందిరా? గీ నాలుగు బోల్టులు విప్పుడేగా! పైసలిచ్చి, చాయ్ తాపి, మల్ల దండం గూడ పెట్టాల్నా?"

సభ్యుల చొక్కాలకు మట్టి అంటకూడదని, మిర్చి మీది టార్పాలిన్ తీసి లారీ కింద పరిచారు. సిగ్నల్ కోసం నన్ను క్యాబిన్ మీదికి ఎక్కించారు. ఫోన్లో వీడియో దొరికింది. హిందీలో ఉంది, ట్రాక్టర్‌ది. ఏకగ్రీవంగా ఆమోదించారు.

నేను దిగి, క్యాబిన్‌లో చిన్న పని చూసుకుని, బానెట్ మీద నా సుప్రసిద్ధ దెబ్బ కొట్టి తాళం తిప్పాను. చప్పుడు లేదు. వంగి చూస్తే, ఇంజిన్‌ను స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటర్ అప్పటికే టార్పాలిన్ మీద పడుకుని ఉంది.

నిబంధన మూడు నెరవేరింది. మంగీలాల్ "పది నిమిషాల్ల వస్తున్న" అని రెండు గంటల్లో వచ్చాడు (మెకానిక్ గడియారం వేరు). చినుకులూ అతనితోపాటే వచ్చాయి. అరగంటలో మోటర్ బిగించి తాళం తిప్పాడు. లారీ లేచింది.

"మోటర్ మంచిగనే ఉండె. దీన్నెందుకు ఇప్పిన్రు సార్? సీటు కింద దొంగ స్విచ్ గిట్ల ఎవరన్న ఆపిన్రా?"

(దొంగలు బండి ఎత్తుకుపోకుండా బాబాయి అతనితోనే పెట్టించిన స్విచ్ అది; ఆపితే బండి లేవదు. ఎంత రహస్యంగా పెట్టించాడంటే, బాబాయికే గుర్తు లేదు.)

పొద్దుటి నుంచి లారీ పక్కనే ఉన్న భీమక్క అప్పుడు అంది:

"పొద్దుగాల ఈ పిలగాడు సీటు కింద చెయ్యి పెట్టిండు. ఇందాక మల్ల పెట్టిండు. అది గూడ రిపేరే అనుకున్న."

అందరూ నా వైపు తిరిగారు.

"అవ్, నేనే ఆపిన," అన్నాను. "నువ్వు పది నిమిషాలు పరేషానైతే, స్విచ్ ఏసి, ఒక్క దెబ్బతో లేపి పేరు కొట్టేద్దామనుకున్న బాబాయ్."

టార్పాలిన్ మళ్లీ మిర్చి మీదికి చేరేసరికి పై వరుసలో ఆరు బస్తాలు తడిశాయి. లారీ ముప్పై నాలుగుతో వెళ్లింది.

నాలుగు రోజులుగా భీమక్క వాకిట్లో ఆ ఆరు బస్తాలు ఆరబోసి తిరగేస్తున్నాను. చేతులు మండుతున్నాయి. నల్లబడ్డ కాయలు ఏరి చూపిస్తే ఆమె లెక్కపెట్టి పక్కన పోస్తుంది. నిన్న మంగీలాల్‌కు ఫోన్ చేసి, నల్లబడ్డ మిర్చిని మళ్లీ ఎర్రగా చేసే దారి ఉందా అని అడిగాను. ఈ రిపేరు తనకు రాదన్నాడు.