సెనేటర్ గారి పదివేల అడుగులు

పథకం మొదలైన నాటికి నా చేతిలో ఉన్నవి కాలేజీ గేటు ఎదుట ఒక లాండ్రీ, అందులో తడి బట్టలను గిరగిరా తిప్పి ఆరబెట్టే ఎనిమిది డ్రయ్యర్లు. అమెరికాలో ఉత్తరాన, విస్కాన్సిన్‌లో జనవరి. బయటికొస్తే కనురెప్పల మీద మంచు పేరుకునే చలి.

అలాంటి రోజున మా రాష్ట్ర సెనేటర్ హాల్వర్సన్ గారు కాలేజీ మెట్ల మీద నిలబడి ప్రకటించారు: "ఫోన్ పట్టుకుని పిల్లలు కదలడం లేదు. కదలక మార్కులు రావడం లేదు. ఇకనుంచి రోజుకు పదివేల అడుగులు వేసినవాళ్లకే స్కాలర్‌షిప్."

అడుగులు లెక్కపెట్టేది ఫోనే. అంటే ఫోన్‌కు దూరం కావాలంటే దాన్ని రోజంతా వెంటేసుకు తిరగాలి. ఇంత లోతైన నాయకుడు దొరకడం మా జిల్లా అదృష్టం.

మూడో రోజు టెస్సా అనే విద్యార్థిని తడిసిన ఉన్ని కోటుతో వచ్చింది. స్కాలర్‌షిప్ పోతే ఆ పిల్ల చదువు ఆగినట్టే.

"నడిస్తే చదవలేను, చదివితే నడవలేను, ఆర్లో గారూ."

"నడుస్తూ చదువు."

"చదివాను. కెమిస్ట్రీ పుస్తకంతో సహా మంచులో పడ్డాను."

కోటును నాలుగో నంబర్ డ్రయ్యర్‌లో వేడి లేకుండా తిప్పింది. జేబులో ఫోన్ మరిచిపోయింది. బయటికి తీస్తే ఆరువేల అడుగులు.

"పాడైందా?"

"లేదండీ. నాకంటే బాగా నడిచింది."

మర్నాడు బోర్డు పెట్టాను: ఇక్కడ ఫోన్లు నడిపిస్తాం, వేడి ఉండదు, ఫోన్ వేయడానికి ఉన్ని సాక్సు మీరే తెచ్చుకోవాలి.

వారంలో సగం కాలేజీ నా బెంచీల మీదే. ఫోన్లు లోపల తిరుగుతున్నాయి, చేతులు ఖాళీ. ఏం తోచక పుస్తకాలు తెరిచారు.

"ఇందులో వెతకడం ఎలాగండీ?" అన్నాడొకడు.

"పేజీ తిప్పు బాబూ."

మే నెలకు మార్కులు పెరిగాయి. వ్యాయామం మహిమ రుజువైందని సెనేటర్ గారు మొదటి బహుమతి టెస్సాకు ఇచ్చారు.

"ఏ దారిలో నడిచేదానివమ్మా?"

"గుండ్రంగా, సార్."

రాష్ట్రమంతా గుండ్రటి బాటలు వేయిస్తామని అక్కడే ప్రకటించారు.

సాయంత్రం ఆయన సహాయకుడు ఒక ఉన్ని సాక్సు తెచ్చాడు. "సార్ అడుగుల లెక్క కాస్త వెనకబడింది. గురువారానికి కావాలి."

చివరికి తేలింది ఇది. టెస్సా చదువు నిలిచింది. సెనేటర్ గారు మళ్లీ గెలిచారు. నాకు ఏడు డ్రయ్యర్లు మిగిలాయి. నాలుగో నంబర్ రెండు కోట్ల అడుగుల దగ్గర ఆగిపోయింది. ఊరు మొత్తంలో అలసిపోయింది అదొక్కటే.