ఐదున్నరకు నీళ్లు తాగే మొక్క

నాకు అన్నిటికంటే భయం ఏమిటంటే, నలుగురిలో కూర్చోబెట్టి నన్ను బైబిలు చదవమంటారేమోనని. బల్లికి భయపడను, తేలుకి భయపడను. ఒత్తులకు భయపడతాను. తమ్ముళ్లను ఎత్తుకోవడానికి ఐదో తరగతి సగంలో బడి మానేశాను. అప్పటికి గుణింతాలన్నీ వచ్చాయి, ఒత్తులు సగమే వచ్చాయి. అందుకే ఒత్తు కనబడితే చాలు, నాకు ఒత్తిడి.

ఈ సంగతి మా నాలుగేళ్ల పాపకు తెలియదు. వాళ్లమ్మకు రానిది లోకంలోనే లేదని దాని నమ్మకం. ఆ నమ్మకం పదిమంది ముందు పగలకూడదని నా తాపత్రయం.

మా వీధి ఆడవాళ్ల ప్రార్థన కూడిక శుక్రవారం సాయంత్రం ఐదింటికి. పాటలు అయ్యేసరికి ఐదున్నర. అప్పుడు కూడిక నడిపే పెద్దమ్మ సంచి తడుముకుని, "అయ్యో, కళ్లజోడు మళ్లీ ఇంట్లోనే మర్చిపోయానే!" అని బైబిలు ఎవరో ఒకరి ఒళ్లో పెడుతుంది. ఆ ఎవరో ఒకరు ఇంకా నేను కాలేదు. కానీ వరస దగ్గరపడుతోంది.

దాంతో ఒక ఉపాయం ఆలోచించాను.

మా ఇంట్లో ఏదీ పారేయను. చిల్లుపడ్డ బకెట్టులో టమాటా, పిడి ఊడిన కుక్కరులో మిరప, పాపకు పొట్టయిన బూట్లలో పుదీనా. సైకిళ్లు బాగుచేసే మా ఆయన పెరట్లో కాలు పెట్టాలంటే ముందు డబ్బాల అనుమతి తీసుకోవాలి.

"ఏదో ఒకరోజు నన్ను కూడా మట్టి నింపి గోడవార పెట్టేస్తావు," అంటారు.

"మీకు అడుగున చిల్లు లేదు. నీళ్లు నిలవుంటాయి," అంటాను.

ఖాళీ రంగు డబ్బా ఒకటి మిగిలింది. దాంట్లో మట్టి, వంటింటి తుక్కు కూరాను. ఆ శుక్రవారం పాటల మధ్యలో లేచి నిలబడ్డాను.

"ఏమనుకోకండి. ఇంట్లో ఒక అరుదైన విత్తనం పెట్టాను. సరిగ్గా ఐదున్నరకు నీళ్లు పోయకపోతే మొలవదట."

"ఎవరు చెప్పారే?"

"అది ఇచ్చినాయన."

లేని విత్తనం, దాన్నిచ్చిన లేని పెద్దమనిషి. పాపను చంకనేసుకుని పరుగు తీశాను.

మా ఆయన డబ్బాలోకి తొంగిచూశారు. "ఏముంది ఇందులో?"

"మట్టి."

"మట్టిలో?"

"మట్టే."

"చదవడం సరిగా రాదని చెప్పేస్తే పోలా?"

"పాప ముందా?"

కాసేపు తల గోక్కున్నారు. "అబద్ధానికి వారం వారం నీళ్లు పోస్తున్నావు. జాగ్రత్త, ఏపుగా పెరుగుతుంది."

పెరిగింది. మూడోవారం, మేం ఆమెన్ అక్క అని పిలుచుకునే పక్కింటావిడ (ప్రార్థన మొదలవకముందే ఆమెన్ అనేస్తుంది) ఒక విన్నపం పెట్టింది. "మన చెల్లి విత్తనం మొలవాలని అందరం ప్రార్థిద్దాం!" పద్నాలుగు మంది ఆడవాళ్లు కళ్లు మూసుకుని ఉత్త మట్టికోసం ప్రార్థించారు. ఒకావిడ మర్నాడు టిఫిను కూడా మానేస్తానంది. నేను మాత్రం, "ప్రభువా, వీళ్లడిగేది అక్కడ లేదు. ఇక నీ ఇష్టం," అనుకున్నాను.

ఐదోవారం పెద్దమ్మ తేల్చేసింది. "పాపం, విత్తనం మూలంగా అమ్మాయికి వాక్యం దక్కడం లేదు. వచ్చే కూడిక వాళ్ల పెరట్లోనే పెడదాం."

నేను నోరు తెరిచేలోపే "ఆమెన్!" అని వినబడింది.

గురువారం మా ఆయన్ను బతిమాలాను. "ఎక్కడినుంచైనా ఒక మొక్క తెచ్చి దీంట్లో పాతండి."

"నేను సైకిళ్లకు గాలి కొడతాను. అబద్ధాలకు కొట్టను."

శుక్రవారం పొద్దున్న డబ్బా చూసి కెవ్వుమన్నాను. మట్టిని చీల్చుకుని రెండు లావాటి ఆకులు!

"ఏవండీ, మీరేనా?"

"నేను కాదే తల్లీ." ఆయన వంగి చూశారు. "గుమ్మడి. నువ్వు రోజూ వేసే తుక్కులో గింజ ఉండుంటుంది."

ఆయన నవ్వారు. నాకు మాత్రం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను పెట్టని విత్తనం మొలిచింది.

సాయంత్రం పెరడు నిండిపోయింది. ఐదున్నరకు నీళ్లు పోశాను. పారిపోవడానికి ఇక ఇల్లు లేదు, నేనున్నదే ఇల్లు. పెద్దమ్మ సంచి తడుముకుంది. బైబిలు నా ఒళ్లోకి వచ్చింది. నాలుగు రకాల నేలల్లో పడ్డ విత్తనాల కథ.

అక్షరాల కింద వేలు పెట్టి చదవడం మొదలెట్టాను. "పకులు వచ్చి..." అని ఆగిపోయాను. పాప నా మొహంలోకి చూస్తోంది.

"పక్షులు," అంది పెద్దమ్మ, కళ్లు మూసుకునే, మెల్లగా. ఇంకో మూడుచోట్ల ఆగితే మూడుసార్లూ అందించింది. అలా గట్టెక్కాను.

ఇంతలో పాప పెద్దమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. "అమ్మమ్మా! నీ కళ్లజోడు ఇందులోనే ఉంది!"

"అయితే తర్వాతది మీరే చదవండి!" అన్నారంతా.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుంది. నేను ఎదురుగా కూర్చుని అందించడంతో పుస్తకం ఆమె చేతికి తలకిందులుగా వెళ్లింది. ఆమె తిప్పుకోలేదు. అలాగే చూస్తూ ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పేసింది.

నేను జరిగి ఆమె పక్కన కూర్చున్నాను, పుస్తకం మరెవరికీ కనబడకుండా.

అందరూ వెళ్లాక టీ కప్పులు కడుగుతుంటే పెద్దమ్మే అంది. "ఐదున్నరకే దాహం వేసే మొక్కేమిటే? మొదటివారమే పట్టేశాను. నేను ముప్పై ఏళ్లుగా కళ్లజోడు మర్చిపోతున్నదాన్ని."

"మరి తెలిసీ నన్నెందుకు చదవమన్నారు?"

"నీకు ఒత్తులు తప్ప అన్నీ వచ్చు. నాకు అక్షరాలే రావు. నేర్పమని అడగడానికి సిగ్గేసి, పుస్తకం నీ ఒళ్లో పెట్టాను."

"అమ్మా, నీకు ఒత్తులు రావా?" అని పాప మధ్యలో దూరింది.

"సగమే వచ్చు."

"నాకు ఒక్కటీ రాదు," అంది గర్వంగా. "నేనే ఫస్టు!"

ఇప్పుడు శనివారాలు ముగ్గురం డబ్బాల మీద మొక్కల పేర్లు రాస్తున్నాం. పెద్దమ్మ మొదట 'గుమడి' అని రాసింది. మర్నాడు తనే వచ్చి మ ఒత్తు పెట్టింది. తీగ గోడెక్కింది. ఇదంతా రాస్తానంటే పెద్దమ్మ సరేనంది. ఇందులో ఒత్తులు తప్పితే దిద్దిపెట్టిన మా ఆయన్ను అడగండి.

మీ కూడికలోనూ వారం వారం కళ్లజోడు మర్చిపోయే పెద్దావిడ ఉందేమో, ఒకసారి చూడండి. సంచి వెతక్కండి. వెళ్లి పక్కన కూర్చోండి, చాలు.