పళ్ల డాక్టరు ప్లగ్గులు పీకిన మహావృత్తాంతము

ఆదిత్యుడు తూర్పు గోడ దిగి వచ్చి, పెరటి తాడుపై వేసిన తువ్వాళ్లలో మొదటిదానిని పూర్తిగాను, రెండవదానిని సగమునకును ఆరబెట్టి, మూడవదాని సంగతి ఆలోచించుచున్న శుభసమయమున. ఎదురింటి రేడియో వార్తలు ముగించి వాతావరణమునకు దిగిన ముహూర్తమున. వారమంతయు పరుగులిడిన వీధి ఒళ్లు విరుచుకొని మరల పండుకొనిన ఆదివారమున, ఉదయము పది గంటల అయిదు నిమిషములకు, షెడ్డు ముందరి సిమెంటు నేలపై మహాకాయము, ధూళిధూసరితము, చతుశ్చక్రసమన్వితము, సప్తజనవహనక్షమము అయిన ఒక ఎస్‌యూవీ బానెట్టు పైకెత్తుకొని నిలిచి యుండెను. దాని యెదుట, చేత పానా ధరించి, నుదుట చెమట ధరించి, మోచేతుల వద్ద చిరిగిన చొక్కా ధరించి, ఆ వీధి పళ్ల డాక్టరు నిలిచి యుండెను. ఈ యిద్దరిలో ఎవరు ఎవరిని చూచి జడియుచుండిరో చెప్పుట కష్టము.

ఆ వీరుడు సామాన్యుడా! ఇరువది రెండేండ్లుగా జ్ఞానదంతములను సమూలముగ పెకలించినవాడు. తీపి తిని పాపము మూటగట్టుకొనిన దవడలకు ప్రాయశ్చిత్తము చేయించినవాడు. అతని కుర్చీలో వెనుకకు వాలి నోరు తెరిచిన పిదప ఎదురుమాట పలికిన మానవుడు నేటివరకు లేడు. అట్టివానికి ఇంట మాత్రము ఒక్కరును నోరు తెరిచి ఊరకుండరు. తెరిచినచో మాట్లాడుటకే తెరుతురు. అందువలన ఆ మహానుభావుడు, చెప్పినట్లు వినెడి వస్తువు ఒక్కటైనను దొరకకపోవునా యను ఆశతో, సెలవు దినములందు ఇంటిలోని యంత్రములను విప్పుచుండెను. అవియు వినలేదు.

ఇక బండి సంగతి. పది దినములుగా దానికి జబ్బు చేసినది. సిగ్నలు వద్ద ఆగినచో ఒళ్లంతయు వణకును. ఎత్తు ఎక్కమన్నచో ఎక్కిళ్లు పెట్టును. స్టీరింగు వెనుక పసుపు దీపమొకటి వెలిగి, ఎంత బతిమాలినను ఆరదు. ఆ బండిని రోజూ బడికి నడుపుకొని పోవునది డాక్టరు గారి భార్య, లెక్కల టీచరు. మెకానిక్కు బానెట్టులోనికి చెవి పెట్టి విని, "స్పార్కు ప్లగ్గులు పోయాయండి. ఒకటి మరీ పోయింది. రెండ్రోజులు బండి వదిలెళ్లండి" అనెను. డాక్టరు వదలలేదు. కొత్త ప్లగ్గులు నాలుగు కొని తెచ్చి, "నేనే మారుస్తా" నని హాలు నడుమ నిలిచి ప్రకటించెను. కొరివితో తల గోక్కొనుట అనగా ఇదియే గదా!

టీచరు దిద్దుచున్న నోటుపుస్తకము మూసి, ఎర్ర పెన్నుకు మూత పెట్టి, ఇట్లనెను:

"సరే, లెక్క చెప్తా వినండి. గోడ గడియారం విప్పారు, బిగించలేదు. మిక్సీ విప్పారు, బిగించారు, తిరగలేదు. కుట్టుమిషను విప్పారు, బిగించారు, తిరిగింది, కానీ వెనక్కి. ఇప్పుడు నా బండి. నాలుగింటికి అక్కా బావగారూ రైలు దిగుతారు. ఈ బండిలో స్టేషనుకి వెళ్లామా, సంతోషం. టాక్సీలో వెళ్లాల్సొచ్చిందా, ఆ పనిముట్ల పెట్టె బావగారికి ఇచ్చేస్తాను. మళ్లీ ఈ ఇంట్లో మీ చేతిలో స్క్రూడ్రైవరు కనబడకూడదు."

బావగారనగా డాక్టరుకు తోడల్లుడు. అతడు తన ఇంటి మోటారు తానే విప్పి తానే బిగించువాడు. అంతటితో ఊరకుండినను బాగుండును; ఈ ఇంటికి వచ్చిన ప్రతిసారి, చెప్పులు విడిచిన మరుక్షణమే, ఒక్కొక్క కుళాయిని తిప్పి చూచి, వదులైన తలుపు గొళ్లెమును బిగించి, ఏమియు అనక చేతులు కడుగుకొని వచ్చి కూర్చుండును. ఏమియు అనకపోవుటయే డాక్టరునకు పంటి కింద రాయి. ఇక ఆ పెట్టె సంగతి యందురా, ఆరు దినములు డాక్టరు గారూ, డాక్టరు గారూ అని పిలిపించుకొనెడి ఆ మనిషికి, దాని మూత తెరిచినపుడు మాత్రమే ఒంటికి హాయిగా నుండును. అందులో పని వచ్చినవి నాలుగు, పని రానివి నలుబది. అయినను అవి లేని ఆదివారమును ఆయన తలచుకొనజాలకుండెను. నిజముగనే గుండెలో రాయి పడెను.

పడినను వీరుడు వీరుడే గావున, మనసులో ఇట్లు గర్జించెను: "ఓరీ యంత్రాధమా! గండశిలల వంటి దవడపళ్లను తృణప్రాయముగ పెరికివేసిన ఈ బాహుదండమునకు నీ నాలుగు ప్లగ్గులు ఒక లెక్కయా! భాస్కరుడు పడమటి మేడ చాటునకు పోకమున్నే నిన్ను నిశ్శబ్దగమనునిగ నొనర్పకున్నచో, నేను పానా పట్టుట మానెదను. పట్టుకారు పట్టుటయు మానెదను. వలసినచో నా పళ్లు నేనే పీకుకొనెదను!"

నోటితో మాత్రము, "నాలుగెందుకు? మూడింటికే అయిపోతుంది" అనెను.

అంతట మహాసంగ్రామమునకు తెర లేచెను. ఇంజినుపై కప్పిన నల్లని ప్లాస్టిక్ మూతను ఊడబెరికి, ప్లగ్గులకు నిప్పురవ్వ అందించు నాలుగు కాయిళ్లు వరుసగా కనబడగానే, డాక్టరు అలవాటు చొప్పున మృదుస్వరముతో, "నోరు బాగా తెరవండి. నొప్పెడితే చెయ్యెత్తండి" అనెను. బండి చెయ్యెత్తలేదు. మొదటి కాయిల్ వైరును విడదీసి, దాని మరను విప్పి, అటొకసారి ఇటొకసారి కదల్చి పైకి లాగగా, దాని కింద జానెడు లోతున, చీకటి గుంటలో ప్లగ్గు తల కనబడెను. పొడవాటి కడ్డీకి ప్లగ్గు తలను పట్టు గొట్టపు సాకెట్టు తగిలించి దింపి, కాలు బంపరునకు తన్నిపెట్టి, పండ్లు బిగబట్టి తిప్పెను. కిర్రుమనెను, కదలెను, వచ్చెను. రెండవదియు వచ్చెను. మూడవది మంచి పిల్లవాని పాలపన్ను వలె చేతికి వచ్చి పడెను. డాక్టరు గర్వముతో వీధివంక చూచెను గాని, అటు ఎవ్వరును రాలేదు.

నాలుగవదాని కథ వేరు. అది ముందరి అద్దము కిందికి, ఇనుప రేకు చాటునకు నక్కి, చేయి దూరనీయక, చూపు చేరనీయక, కోట లోపలి కోటలో కూర్చుండి యుండెను. కడ్డీ నిలువుగా దిగదు, దిగినచో తిరుగదు, తిరిగినచో పిడి అద్దమునకు తగులును. వీరుడు బంపరు పైకెక్కెను, ఇంజినుపై బోర్లపడెను, తల లోపల, కాళ్లు బయట, నడుము ఎక్కడ నున్నదో ఎవరికిని తెలియని భంగిమలో అర్ధగంటసేపు పోరాడెను. కట్టకడపటికి ప్లగ్గు వదులైనది. సంతోషముతో కడ్డీని పైకి లాగగా కడ్డీ మాత్రమే వచ్చి, సాకెట్టు ప్లగ్గును కౌగిలించుకొని లోననే నిలిచిపోయెను. ఇట్టి కష్టము మెకానిక్కునకు వచ్చినచో తిట్టును. డాక్టరు తిట్టక లోపలికి పోయి, పిడి గల చిన్న అద్దమును, తన వంకర పట్టుకారును తెచ్చి, గుంటలోనికి అద్దము వంచి చూచి, సాకెట్టును ప్లగ్గుతో సహా, వేరుతో వచ్చు దంతము వలె పైకి లాగెను. అప్పుడు గంట ఒకటి.

ఇక్కడ, ఓ శ్రోతలారా, ఏ మెకానిక్కును చేయని తప్పు, పళ్ల డాక్టరు మాత్రమే చేయగల తప్పు జరిగెను. పెరికిన ప్లగ్గులను ఆయన స్టీలు పళ్లెములో వరుసగా పెట్టుకొనెను. వాని కొనలకు మసి, గార, నల్లని పొర! ఇరువది రెండేండ్లుగా గార కనబడినచోట ఊరకుండని చేయి అది. పాత బ్రష్షు తెచ్చెను, పెట్రోలులో ముంచెను, తోమెను, సందులలో పిన్నుతో గీకెను, గుడ్డతో తుడిచి తళతళలాడించెను. పారవేయవలసినవాటికి ఈ సేవ దేనికని తననుతాను అడుగుకొనలేదు. పిదప కొత్తవాటిని సయితము డబ్బాలనుండి తీసి, పరికరములన్నియు ఒక్క పళ్లెముననే యుండవలెనను వృత్తిధర్మము ననుసరించి, వాని పక్కననే పేర్చెను. అంతలో టీచరు, "అన్నం చల్లారిపోతోంది!" అని కేకవేసెను. తిని వచ్చి, చేయి తుడుచుకొని, పళ్లెమునుండి నాలుగు తీసి, మర అడ్డదిడ్డముగ పడకుండ వేళ్లతోనే మెల్లగ తిప్పి, ఒక్కొక్కటిగ బిగించెను. నాలుగవదానికి మరల అర్ధగంట పట్టెను. కాయిళ్లు పెట్టెను, వైర్లు టక్కున తగిలించెను, మూత మూసెను. ఒక్క మరయు మిగులలేదు. ఆ ఇంటి చరిత్రలో ఇది మొదటిసారి.

టీచరు వచ్చి తాళము తిప్పెను. ఇంజిను మేలుకొనెను, గొంతు సవరించుకొనెను, పిదప యథాప్రకారము ఒళ్లంతయు వణకుచు ఎక్కిళ్లు పెట్టెను. పసుపు దీపము నవ్వినట్లే వెలిగెను.

"ఇది పాత జబ్బే," అనెను టీచరు. "టాక్సీకి చెప్పనా?"

గంట మూడు. వీరుడు తేలు కుట్టిన దొంగ వలె పళ్లెమువంక నడిచి, మిగిలిన నాలుగు ప్లగ్గులను వెలుతురునకు పట్టి ఒక్కొక్కటే చూచెను. మూడింటి కొనలు అరిగి మొద్దుబారి యున్నవి. నాలుగవది వాడిగా, అంచులు చెడక, అన్నెము పున్నెము ఎరుగక మెరయుచుండెను. అది కొత్తది. అనగా, పాతది యొకటి ఇంజిను లోపల కూర్చున్నది. అదియు, ఈ వణకు చూడగా, మెకానిక్కు మరీ పోయినదన్నదే. తోమి, తుడిచి, ముస్తాబు చేసి, తానే పంపెను.

"ఏమైంది? చెప్పండి."

డాక్టరు ఆ కొత్తదానిని అరచేత పెట్టి చూపెను. పిదప చెప్పెను. పెట్రోలుతో తోముటయు, పిన్నుతో గీకుటయు దాచలేదు. టీచరు నవ్వుకొనుట మొదలుపెట్టి, ఆయన మొగము చూచి మానెను. ఆ మొగము కుర్చీలో కూర్చుండిన రోగి మొగము వలె నుండెను.

"సరే. నాలుగింట్లో ఏదో ఎలా తెలుస్తుంది? అన్నీ విప్పే టైము లేదు."

ఆ ప్రశ్నకు వీరునిలో వైద్యుడు లేచి కూర్చుండెను. "పంటి నొప్పి ఏ పన్నుదో రోగికే తెలీదు. ఒక్కొక్కటీ తట్టి చూస్తాం. నువ్వు ఇంజిను ఆపకుండా ఉంచు. నేనొక్కో కాయిల్ వైరూ పీకుతా. మంచిది పీకితే బండి ఇంకా వణుకుతుంది. తేడా రాలేదంటే, అదే దొంగ."

మొదటిది పీకెను, బండి విలవిలలాడెను. తగిలించెను. రెండవది పీకెను, ఆగిపోవునంత పని చేసెను. మూడవదియు అంతే. నాలుగవది పీకెను. బండి వణకినంతే వణకెను. ఒక్క పిసరు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"నాలుగోదే," అనెను డాక్టరు. "విప్పడానికోసారి, బిగించడానికోసారి కుస్తీ పట్టా. ఒక్కోసారీ అర్ధగంట. టాక్సీకి చెప్పేయ్."

చెప్పి, పనిముట్ల పెట్టెను మూసి, దానిపై చేయి వేసికొని మెట్టు మీద కూర్చుండెను. అంతటి దంతారి కనులలో నీరు తిరుగలేదని ప్రమాణము చేయజాలను. టీచరు ఫోను తీసెను. ఆయనను చూచెను. గడియారమును చూచెను. ఫోను మెట్టుపై పెట్టి, గాజులు తీసి ఫోను పక్కన పెట్టి, చీర కుచ్చెళ్లు దోపుకొనెను.

"మీ చెయ్యి లావు. నాది దూరుతుంది. లేవండి, ఎటు తిప్పాలో చెప్పండి."

అంతట ఏమి చెప్పుదును! ఆయన చిన్న అద్దము పట్టి గుంటలోనికి దీపము చూపించుచు, "ఎడమకి… ఇంకొంచెం… ఇంక పైకి లాగు" అనుచుండగా, ఎర్ర పెన్ను తప్ప వేరొక ఆయుధమెరుగని ఆ చేయి రేకు చాటునకు మోచేతివరకు దూరి, తిరుగని దానిని తిప్పి, రాని దానిని రప్పించి, తళతళలాడుచున్న దొంగను బయటికి లాగెను. దాని తెల్లని పింగాణీపై వెంట్రుక వలె సన్నని పగులు కనబడెను. కొత్తదానిని ఆమెయే దింపి, వేళ్లతో తిప్పి, "ఇక తిరగట్లేదు" అనువరకు బిగించెను. పట్టినది పదమూడు నిమిషములు. తాళము తిప్పగా ఇంజిను మేలుకొనెను. ఒక్కసారి ఊపిరి పీల్చెను. నిదురించు పిల్లి వలె గురగురలాడుచు స్థిరపడెను. దంపతులిద్దరును దానినే వినిరి.

నాలుగు దాటి ఇరువది ఆరు నిమిషములకు, స్టేషను నుండి మరలివచ్చు దారిలో, టీచరు బండి నడుపుచుండెను. బావగారు ముందు సీటున, అక్కయు డాక్టరును వెనుక కూర్చుండిరి. సిగ్నలు వద్ద ఆగగానే తోడల్లుడు తల వంచి చెవి యొగ్గి, "ఇంజిను ఆగిపోయిందా ఏంటి?" అనెను.

"లేదు బావగారూ, నడుస్తోంది."

"అరె! మొన్న ఫోన్లో వణుకుతోందన్నావుగా. ఎక్కడిచ్చారు?"

వెనుక సీటున డాక్టరు నోరు తెరిచెను. ఇరువది రెండేండ్లలో మొదటిసారి, తెరిచిన నోట మాట రాని కష్టమెట్టిదో ఆయనకు తెలియవచ్చెను.

"ఎక్కడా ఇవ్వలేదు," అనెను టీచరు, చూపు దారి మీదనుంచి తిప్పక. "ప్లగ్గులు ఈయనే మార్చారు. ఇంట్లోనే."

"తమ్ముడా? ఒక్కసారికే అయిపోయిందా?"

"ఒక్కసారికే."

"ఈ బండికి నాలుగోది అద్దం కిందకి ఉంటుందే. దానికి చెయ్యి దూరదు."

"దూరింది," అని టీచరు గేరు మార్చెను. ఆ చేతి వేలి కణుపుపై తోలు లేచి, గోళ్ల చివర ఇంకను నల్లగా నుండెను.

తోడల్లుడు కిటికీ అద్దమువంక చూచెను. డ్యాష్‌బోర్డుపై అరచేయి ఆనించి వణకు తగులునేమోనని చూచెను. పిదప, మహాశయులారా, పదునాలుగేండ్లుగా కుళాయిలు బిగించుట తప్ప ఈ తోడల్లుని గూర్చి ఒక్క మాటయు అనని ఆ మహాపురుషుని నోటనుండి, ఏకాక్షరమే యైనను, సానునాసికమే యైనను, స్పష్టముగ, "ఊఁ" అను శబ్దము వెలువడెను.

జయము! చతుఃస్ఫులింగవిజేతకు జయము! దిక్కులు పిక్కటిల్లలేదు, పూలవాన కురియలేదు, సిగ్నలు మాత్రము పచ్చగా మారెను. పనిముట్ల పెట్టె ఇంటనే యుండును. అది ఇకపై చర్చకు రాదు. ఆ విజయము తాను గెలిచినది కాదనియు, ముందు సీటున కూర్చుండిన ఆమె గెలిచి వెనుకకు అందించినదనియు డాక్టరునకు బాగుగ తెలియును. తెలిసియు, ఇసుమంతయు సిగ్గుపడక, రెండు చేతులతో పుచ్చుకొనెను.