తోడేలుకీ ఓ వాటా

న్యాయం కోసం జనం ఎక్కడెక్కడో వెతుకుతున్నారు. కోర్టులట, కమిషన్లట, ధర్నాలట! వెర్రి కాకపోతే ఏమిటండీ? న్యాయం ప్రస్తుతం అరకులో, రవిబాబు బొంగు చికెన్ బండి వెనకాల, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది. ఫోను చార్జింగు పెట్టుకుని మరీ కూర్చుంది.

మీలో ఆన్‌లైన్ గేములు ఆడని పుణ్యాత్ములుంటారు కనక వాళ్ళకోసం రెండు ముక్కలు. ఫోనులో ఓ లోకం, అందులో ఓ గుహ, గుహలో ఓ డ్రాగన్. అది ఒక్కడివల్ల చావదు. అందుకని కొందరు జట్టు కడతారు, దాన్ని గిల్డు అంటారు. గిల్డంతా కలిసి గుహమీద పడితే అది రెయిడు. కత్తులవాళ్ళు నరుకుతారు, బాణాలవాళ్ళు కొడతారు. వెనకాల నిలబడి, దెబ్బతిన్నవాళ్ళకి ప్రాణం పోసేవాళ్ళని హీలర్లంటారు. డ్రాగన్ చచ్చాక ఒక మంచి వస్తువు రాలుతుంది. చంపినవాళ్ళు బోలెడుమంది, వస్తువు ఒక్కటే. మరి ఎవరికివ్వాలి? అన్నదమ్ములే పొలంగట్టు దగ్గర తలలు పగలగొట్టుకునే దేశంలో ఇది చిన్న ప్రశ్నా!

రవిబాబు గిల్డు పేరు ఘాట్‌రోడ్ వారియర్స్. మొదట్లో అక్కడ ఎవడు ముందు ‘నాది’ అని అరిస్తే వస్తువు వాడిదే. ఆ అరాచకం చూడలేక రవిబాబు ఓ సిస్టం కనిపెట్టాడు. ఎవరి దెబ్బకి డ్రాగన్ ఒంట్లోంచి ఎంత రక్తం పోయిందో వాళ్ళకి అన్ని పాయింట్లు. మొదట్నుంచి చివరిదాకా లైనులో ఉంటే హాజరు పాయింట్లు. మధ్యలో లైను తెగితే కోత. సమానంగా వస్తే పాచికలు. పాచికల మీద అనుమానమొస్తే కౌన్సిలు. ఆ కౌన్సిల్లో ఎవరెవరున్నారంటారా? రవిబాబు, అతని బావమరిది అజయ్, రవిబాబే ఇంకో పేరుతో తెరిచి ఆడే రెండో ఐడీ. ఇంత పకడ్బందీ ఏర్పాటు మన అసెంబ్లీలకైనా ఉందా అని అడుగుతున్నాను!

ఇక సోని సంగతి. అరకు పక్క కొండమీది ఊరి గుంట, అంటే ఆడపిల్ల, డిగ్రీ చదువుతోంది, గిల్డుకున్న ఒకే ఒక్క హీలరు. వాళ్ళ ఊళ్ళో సిగ్నలు రాదు. కాఫీతోట దాటి పైనున్న బండ ఎక్కితే రెండు గీతలొస్తాయి, మబ్బు దిగితే అవీ పోతాయి. సోనికి ఒకటే కోరిక, వెన్నెల కర్ర. అది ఆ డ్రాగన్ దగ్గరే రాలుతుంది. అది చేతిలో ఉంటేగానీ హీలరుకి పై గుహలోకి ప్రవేశం లేదు. ఎండలు ముదిరేలోగా గిల్డంతా పై గుహకి వెళ్ళిపోతుంది. కర్ర లేకపోతే సోనిని దింపేసి వైజాగునుంచి ఇంకో హీలరుని తెచ్చుకుంటామని రవిబాబు ముందే చెప్పేశాడు. ఊళ్ళో ఈడు గుంటలందరికీ పెళ్ళిళ్ళయిపోయి మాటాడే దిక్కులేని సోనికి, ఆ గిల్డే సంత, ఆ గిల్డే కబుర్లు. అందులోంచి తోసేస్తారంటే దానికి అన్నం సయించలేదు.

మరి సిస్టం ఊరుకుంటుందా? న్యాయం చేసింది. మొదటిసారి కర్ర రాలినప్పుడు, డ్రాగన్‌కి సోని పెట్టిన గాయాలెన్ని అని చూసింది. ఒక్కటీ లేదు! అందర్నీ బతికించడంలో పడి ఆ పిల్ల ఎవర్నీ కొట్టలేదు. కర్ర అజయ్‌కి వెళ్ళింది. కత్తి తిప్పేవాడికి కర్రెందుకంటారా? అమ్ముకోడానికండీ, గేములోనూ సంతలుంటాయి. ఇంకోసారి రెయిడు మధ్యలో బండమీదకి మబ్బు దిగింది, లైను తెగింది, హాజరు కోత పడింది. మబ్బుకి సెలవుచీటీ ఇచ్చే పద్ధతి సిస్టంలో లేదు. ఆ తర్వాత పాచికలదాకా వచ్చింది, అందులో సోనే గెలిచింది. దానిమీద అభ్యంతరం వచ్చింది, కౌన్సిలు కూర్చుంది, కర్ర రవిబాబు రెండో ఐడీకి వెళ్ళింది. అభ్యంతరం పెట్టిందెవరంటే, ఆ రెండో ఐడీయే. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడూ, మొదటి పంక్తీ, కడపంక్తీ అన్నీ ఒక్కడే. ఎంత పొదుపు!

ఇంతలో చైత్రం వచ్చింది, కొండ ఊళ్ళ ఇటుకల పండగొచ్చింది. ఆ రోజుల్లో మగాళ్ళు వేటకి పోతారు. ఆడాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు పట్టుకుని, వచ్చే ప్రతి బండినీ ఆపి పండగ మామూలు వసూలు చేస్తారు. తాడు ఓ కొస సోని చేతిలో ఉంది. రవిబాబూ అజయ్యూ బైకుమీద వచ్చి దొరికిపోయారు. చిల్లర లేదని నసిగితే, దింపి ఇద్దరిచేతా థింసా ఆడించారు. వాళ్ళు ఆయాసపడుతుండగానే వేటగాళ్ళు దిగొచ్చారు. ఏం దొరికిందో నేను రాయను. ఫారెస్టువాళ్ళు కూడా పేపరు చదువుతారు.

సోని పెదనాన్న భీముడు వరసగా అడ్డాకులు పరిచి వాటాలు వేశాడు. కొట్టినవాడికి వాటా. డప్పు వాయించినవాడికి వాటా. దారిలో కాలు మడతపడి వెనక్కొచ్చేసినవాడికి వాటా. మగదిక్కులేని ఇంటికి వాటా, తాడు పట్టినవాళ్ళకి వాటా, కుక్కలకి వాటా. చివరికి అక్కడ ఊరికే నిలబడ్డ పాపానికి రవిబాబుకీ అజయ్‌కీ కూడా చెరో ఆకు పెట్టారు. రవిబాబు తిని, వేళ్ళు నాక్కుని, కళ్ళు తుడుచుకున్నాడు. కారానికి కాదట, సంస్కృతికట. ఇకమీదట గిల్డులోనూ పాయింట్లు గీయింట్లు లేవని, వేట వాటా పద్ధతేనని అక్కడికక్కడే ప్రకటించాడు. సోని ఆ పూట నేలమీద నడిస్తే ఒట్టు!

తర్వాతి రెయిడుకి అందరికంటే ముందు బండ ఎక్కి కూర్చుంది. మబ్బు దిగకుండా కొండదేవతకి దణ్ణం కూడా పెట్టుకుంది. వేళ్ళు నొప్పెట్టేదాకా అందరికీ ప్రాణాలు పోసింది. డ్రాగన్ చచ్చింది, వెన్నెల కర్ర రాలింది. అప్పుడు రవిబాబు గొంతు సవరించుకుని, మన కొండల ఆచారం ప్రకారం ముందుగా కుక్క వాటా తియ్యాలన్నాడు. గిల్డులో కుక్క లేదు. దానికి దగ్గర చుట్టం రవిబాబు గేములో పెంచుకుంటున్న తోడేలు, పేరు టైసన్. కర్ర టైసన్‌కి వెళ్ళింది. తోడేలుకి చేతులుండవు కనక దాని తరఫున యజమాని దాచాడు. ఆచారమూ నిలబడింది, కర్రా నిలబడింది. చప్పట్లు కొట్టరేం?

సోని మైకు ఆన్ చేసింది.

“అన్నా, మా ఊళ్ళో కుక్క వాటా కుక్కే తింటాది. కుక్కగలోడు తినడు.”

మర్నాటి రెయిడుకి ఠంచనుగా వచ్చింది. సిగ్నలు బాగుంది, లైను తెగలేదు, తన చోట తను నిలబడింది. వేలు మాత్రం కదపలేదు. ముందు తోడేలు చచ్చింది, తర్వాత అజయ్, ఆ తర్వాత రవిబాబు. రవిబాబు మండిపడి, ఈ గుంటకి ఏ రూలు కింద కోత వెయ్యాలా అని తను రద్దుచేసిన పాత రూల్సన్నీ తనే తిరగేశాడు. బతికిస్తే ఇన్ని పాయింట్లని ఎక్కడా రాయలేదు కనక, బతికించకపోతే కోత అని కూడా ఎక్కడా లేదు! వైజాగు హీలరుని పిలిపించాడు. ఆయన కర్ర ముందిస్తేనే వస్తానన్నాడు. ఇవ్వనన్నందుకు రాలేదు. గిల్డు రోజూ వెళ్తోంది, రోజూ సమానంగా చస్తోంది. జట్టులో ఒక్కొక్కరే సణగడం మొదలెట్టారు.

చివరికి రవిబాబు కాఫీతోట దాటి, రొప్పుతూ, ఆ బండ ఎక్కాడు. చేతిలో వేడివేడి బొంగు చికెన్. కర్ర నీ పేరు మీదకి మార్చేశాను, రేపు బేగి రాయే తల్లీ అని బతిమాలాడు. సోని ఫోనులో చూసుకుంది. నిజమే, కర్ర వచ్చింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు కూడా.

“వత్తానన్నా. కానీ ఇకమీదట పంపకం నాను సేత్తాను.”

రవిబాబు నిలబడ్డవాడు కూలబడ్డాడు. “నువ్వా? అలగైతే మాకు నమ్మకం ఏటే?”

చూశారా, ఎంత లోతైన ప్రశ్నో! ఇన్నాళ్ళూ గిల్డులో ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు అందరూ కలిసి పై గుహకి వెళ్ళారు, పంపకం సోనిదే. ఒకరి తర్వాత ఒకరికి వంతులట, కొట్టినా కాచినా ఒకటేనట. మిగతావాళ్ళు సుఖంగా ఉన్నారు. రవిబాబు మాత్రం ప్రతి పంపకం తర్వాతా గ్రూపులో ఫిర్యాదు పెడుతున్నాడు. నా సానుభూతి పూర్తిగా అతనికే. పాపం, ఘోరమైన అన్యాయం జరిగిపోతోంది. అతనికీ అందరితో సమానంగానే ఇస్తున్నారట!