వాకిలికి రెండు తాళాలు

కంబన్న మూటాముల్లె ట్రాక్టర్‌కెత్తుకొని తెల్లారకముందే బెంగుళూరికి పారిపోయినాడని పాలు పోసే ఆమె పక్కింటి హంపమ్మకు చెప్పిందట. హంపమ్మ గోడ మీదుగా నాగరత్నమ్మ చెవిన వేసింది. నాగరత్నమ్మ బొరుగుల ఉగ్గాని వడ్డిస్తూ మొగుడికి చెప్పింది.

నాగసుబ్బయ్యసెట్టి ముద్ద చేతిలో పట్టుకొనే లెక్కలు వేయసాగాడు. ఎప్పటిలాగే ఆ ఉగ్గానిలో పప్పులపొడి జాడ లేదని సణిగే ఓపిక కూడా లేకపోయింది. డోన్‌లో ఆయనది విత్తనాల అంగడి. పోయినేడు కంబన్నకు ఉత్త ప్రోనోటు మీద నలభై వేలు ఇచ్చాడు. ఈ పొద్దు అది వసూలు చేసి కర్నూలు వ్యాపారికి కట్టాలి. కట్టకుంటే మృగశిరకు వేరుశనగ విత్తనాలు రావు. విత్తనాలు లేని విత్తనాల అంగడిని తెరిచినా ఒకటే, మూసినా ఒకటే.

చిత్రమేమిటంటే నాగరత్నమ్మ ఆయనకంటే ఎక్కువ బెదిరింది. "ఇంకా తింటా కూర్చున్నారే! పోండి, ఇంకెవురూ ఆ ఇంటి మీద పడకముందే పట్టుకోండి" అని గరిటెతోనే తరిమింది. తన డబ్బు మీద పెండ్లానికి ఇంత ప్రేమ ఉందని తెలిసి ఆయన కళ్లు చెమర్చాయి. అంగడికి తాళం వేసి, ఇంకో తాళం సంచిలో పెట్టుకొని ఆటో ఎక్కాడు.

కంబన్నది నాపరాళ్ల మిద్దె. సగం అతనిది, సగం చనిపోయిన అన్న పెండ్లాం గంగక్కది. వంటిళ్లు రెండైనా వీధి వాకిలి ఒకటే. నాగసుబ్బయ్య గొళ్లెం పెట్టి తాళం బిగించగానే లోపల్నుంచి కేక వచ్చింది.

"ఎవుడ్రా అది?"

"నేను గంగక్కా, సెట్టిని. కంబన్న బాకీకి..."

"వాని బాకీకి నా సగానికి యాల తాళమేస్తివి?"

"ఉండేది ఒకటే వాకిలి గదక్కా. సగం వాకిలికేసే తాళం డోన్‌లో యాడా దొరకదు."

గంగక్క కిటికీ ఊచలు పట్టుకొని ఊరంతా వినబడేట్టు తిట్టింది. ఆ తిట్లు విని ఎవరో, కంబన్నకు అప్పిచ్చిన ఫైనాన్స్ గోపీనాథ్‌కు సెల్‌కొట్టారు. వాడు మోటార్‌సైకిల్ మీద వచ్చి, దిగీదిగకముందే పక్క గొళ్లేనికి ఇంకో తాళం వేశాడు.

"ముందేసింది నేను!" అన్నాడు నాగసుబ్బయ్య.

"నీది ఉత్త కాగితం సెట్టీ. నాది ఫైనాన్సు."

"ముందిచ్చింది కూడా నేనే!"

గొంతులు పట్టుకోబోతుండగా కిటికీలోంచి గంగక్క నవ్వింది. "కొట్టుకోండప్పా, బాగుండాది. మీకిద్దరికీ రాసిచ్చింది కంబన్న ఒక్కడే. నా మొగుని ఆపరేషన్‌కు నేనూ కంబన్నా ఇద్దరమూ సంతకాలు పెట్టి, ఇల్లు మొత్తం తాకట్టు రిజిస్టరు చేసిస్తిమి. ఆ బాకీ తీరినాకే మీ వంతు. అదీ వాని సగంలోనే."

నాగసుబ్బయ్య కిటికీ దగ్గరికి పోయాడు. "ఎవురికి చేసిస్తిరి?"

"సెప్పొద్దని ఒట్టేయించుకునింది."

"ఒట్టేయించుకునిందా? ఆడమనిషా!" ఆయన అరుగు మీద కూలబడ్డాడు.

మధ్యాహ్నం దాటాక ట్రాక్టర్ వచ్చింది. నడుపుతున్నది కంబన్న. వెనక తొట్టిలో ఖాళీ గోతాల మీద, గొడుగు పట్టుకొని, నాగరత్నమ్మ!

"ఏందప్పా సెట్టీ!" కంబన్న వాకిలి చూసి నోరు తెరిచాడు. "తెల్లారకముందే శెనక్కాయల గోతాలు ఏసుకపోయి, అమ్మి నీ బాకీ కడదామని వస్తే అంగడికి తాళం. మీ ఇంటికి పోతే దుడ్లు రత్నమ్మక్క ఇప్పిచ్చుకునింది. ఈడ నా ఇంటికీ తాళమేనా?"

నాగసుబ్బయ్యకు ప్రాణం లేచొచ్చింది. "వింటివా గోపీనాథ్? నా పెండ్లాం తీసుకుంటే నేను తీసుకున్నట్టే!" గబగబా తన తాళం తీసి, నాగరత్నమ్మ ముందు చేయి చాపాడు. "తే, కర్నూలుకు కట్టల్ల."

నాగరత్నమ్మ కొంగుముడి బిగించింది. "ఇది నా బాకీకి జమ."

"నీ బాకీ ఏంది?"

"ఈ ఇల్లు తాకట్టు పెట్టుకునింది నేనే."

"నీకు అంత దుడ్లు యాడివి?"

"ఉప్పుకూ పప్పుకూ మీరిచ్చిన దాంట్లో మిగిలిచ్చిన. పెండ్లైనకాడ్నించి."

"అందుకేనా ఉగ్గానిలో పప్పులపొడి కనబడనిది!" ఆయన గొంతు కీచుమంది. "మరి నా బాకీ?"

గోపీనాథ్ ఒక అడుగు వెనక్కి జరిగి తన ముందు ఆయనకు చోటిచ్చాడు.

"ఇంట్లో ఎప్పుడూ మీరే ముందు" అంది నాగరత్నమ్మ. "ఈడ నా యెనక నిలబడండి."