ఈత రానివాడి స్టీమ్‌బోట్

ఆ ఆదివారం పొద్దున జురాంగ్ వెస్ట్ మీద ఆకాశం తడిసిన రేగడి చేనులా నల్లగా ఉంది. వాన రాలేదు. వస్తానని బెదిరిస్తోంది. పన్నెండో అంతస్తు కిటికీలోంచి మహీధర్ దాన్నే చూస్తున్నాడు. సాఫ్ట్‌వేర్ పని మీద కదిరి నుంచి సింగపూర్ వచ్చి ఏడాదైంది. అతనికి మబ్బంటే ఆశ, నీళ్ళంటే భయం.

ముందురోజు ఆఫీసులో తోటి ఉద్యోగి శాంతిని చెప్పింది. "రేపు మధ్యాహ్నం స్టీమ్‌బోట్. అప్పా నిన్ను చూడాలన్నారు. ఆయనకి నచ్చకపోతే ఇంతే, మహీ."

శాంతిని మలేసియాలో పుట్టిన తెలుగుపిల్ల. మాట చివర అక్కడివాళ్ళలా 'లా' తగిలించడం అలవాటు. ఎనిమిది నెలలుగా ఇద్దరూ ఒకే రైల్లో ఇంటికి వెళ్తున్నారు. చేతులు తగిలితే ఇద్దరూ కిటికీ వైపు చూస్తారు. వ్యవహారం అంతవరకే వచ్చింది.

గదిలో ఉండే గోపీకృష్ణది గుంటూరు. వాడికి తెలియని సంగతి లేదు.

"పడవలో కక్కావంటే సంబంధం గోవిందా! ఏమీ తినమాక. వాంతుల బిళ్ళ ఏసుకో. తడిస్తే మార్చుకోటానికి లుంగీ, తువ్వాలు పెట్టుకో."

"గాలి లేస్తే?"

"గట్టిగా పట్టుకో."

"దేన్ని?"

"మామగారిని."

టోవా పాయో స్టేషన్ దగ్గర శాంతిని ఎదురొచ్చి, ఇంటికి తీసుకెళ్ళింది. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని రేవుకు వెళ్ళాలేమో అనుకున్నాడు మహీధర్. తండ్రి సీతారాములు ఓడలు బాగుచేసే యార్డులో మేస్త్రీ అని తెలిశాక అనుమానమే లేకపోయింది.

సీతారాములు అతని చేతిసంచి వైపు చూశాడు. "అందులో ఏటుంది?"

"లుంగీ, తువ్వాలు, అంకుల్."

ఆయన భార్య రాజామణి చెవిలో గొణిగాడు. "చూసి పోతాడనుకున్నాను. ఇల్లరికానికే వచ్చినట్టున్నాడు."

బల్ల మీద పచ్చి రొయ్యలు, చేపముక్కలు, ఆకుకూరలు సర్ది ఉన్నాయి. మధ్యలో కరెంటు పొయ్యి మీద చారుకుండ. రాజామణి పిలిచింది. "కూర్చో బాబూ, మకాన్ చేద్దాం. వేడివేడిగా తిందువుగాని."

"ఇప్పుడొద్దు ఆంటీ. తింటే కడుపులో నిలవదు."

"మా ఇంటి కూడు నిలవదా?" అన్నాడు సీతారాములు.

"అది కాదంకుల్. దిగినాక తింటా."

"ఎక్కడ దిగతావు?"

ఈలోగా పొద్దున వేసుకున్న వాంతుల బిళ్ళ మత్తు ఎక్కసాగింది. మహీధర్ తల భుజం మీదికి ఒరిగింది.

"తాగొచ్చినాడేటి?" అన్నాడు సీతారాములు.

శాంతిని కళ్ళు నిండాయి. అది చూసి మహీధర్ బలవంతాన రెప్పలు విప్పాడు.

"అంకుల్, ఒక మాట ముందే చెప్పల్ల. నాకు ఈత రాదు. చిన్నప్పుడు బాయిలో పడినప్పటి నుంచి నీళ్ళు చూస్తే కాళ్ళు ఆడవు. శాంతిని పిలిచిందని వచ్చినా. పడవ ఎన్ని గంటలకి?"

కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముందుగా శాంతినికే అయింది.

"అయ్యో, స్టీమ్‌బోట్ అంటే ఇదే లా! ఈ కుండే! చారులో ఉడకేసుకుని తినేది!" నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మహీధర్ కుండలోకి తొంగి చూశాడు. తర్వాత సంచిని కాలితో బల్ల కిందికి తోశాడు.

సీతారాములు నవ్వలేదు. ముప్పై ఏళ్ళుగా ఓడల మధ్య బతికిన మనిషి. డబ్బు కోసం భయపడుతూ ఓడెక్కేవాళ్ళను చాలామందిని చూశాడు. తన కూతురు పిలిచిందని ఎక్కడానికి వచ్చినవాణ్ణి చూడటం ఇదే మొదలు. అన్నిట్లోకీ పెద్ద రొయ్యను చారులో ముంచి, ఎర్రబడేదాకా పట్టుకుని, అతని గిన్నెలో వేశాడు.

"తిను. ఇక్కడ లోతు లేదు."

తర్వాత నలుగురూ తల వంచుకుని తిన్నారు. బల్ల కింద శాంతిని పాదం మెల్లగా వచ్చి మహీధర్ పాదం పక్కన ఆగింది. అతను కదల్లేదు.

రొయ్యలు అయిపోయేదాకా ఆ ఇంట్లో మాట్లాడింది కుండ ఒక్కటే.