మూడు శాతం తేడా

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ఆసుపత్రి ఫిజిసిస్టు ఆ రోజు పని బోర్డు మీద రాశాడు: మూడు రేడియేషన్ మిషన్లు, ఒకే డోసు, ఒంటిగంటకు ఇంట్లో భోజనం.

సోమవారం ఒకటో మిషన్ మరమ్మతుకు ఆగుతుంది. దాని మీద చికిత్స పొందుతున్న ఇరవై ఆరుగురిని మిగతా రెండింటికీ మార్చాలి. మిషన్ల డోసుల్లో తేడా ఒక శాతం దాటితే మార్చడానికి లేదు, ఇంట్లో కూర్చోబెట్టాలి.

తొట్టిలో నీళ్ళు నింపి, అందులో కొలిచే గొట్టం అమర్చి, కిరణం వదిలి అంకె చూస్తారు. నీళ్ళు వెచ్చగా ఉంటే గొట్టంలోని గాలి పలచబడి అంకె తగ్గుతుంది. అందుకని నీటి ఉష్ణోగ్రతను లెక్కలో కలుపుతారు. ఫిజిసిస్టు ఒకటో మిషన్ దగ్గర కొలిచి 'ఇరవై రెండు డిగ్రీలు' అని బోర్డు మీద రాసి, రోజంతటికీ అదే చాలనుకుని థర్మామీటరు పెట్టెలో పెట్టేశాడు. అంకె వంద వచ్చింది.

నీళ్ళలో చేయి పెట్టేది ఇంజినీరు. ఫిజిసిస్టుకు బావమరిది. రెండు రోజులుగా జలుబు.

"బావా, ఈ నీళ్ళు ఎముకలు కొరికేస్తున్నాయి," అని తుమ్మాడు.

"ఎముకల సంగతి మీ అక్కకి చెప్పుకో. తొట్టి ఖాళీ చెయ్యి, రెండో గదికి పోదాం."

బకెట్లతో నీళ్ళు తెచ్చే ఆయా ఆ తుమ్ము విన్నది. ఖాళీ బకెట్లు తీసుకుని వెళ్ళింది.

రెండో మిషన్ తొంభై ఏడు చూపించింది. మూడుసార్లు చూసినా తొంభై ఏడే. ఇంజినీరు దాని డోసును మూడు శాతం పెంచాడు. మూడో మిషన్ కూడా తొంభై ఏడే. దాన్నీ పెంచాడు.

"అయిపోయింది కదా, అన్నానికి పోదాం," అన్నాడు ఇంజినీరు.

"ఒకటోది ఇంకోసారి చూసి పోదాం."

చూశారు. తొంభై ఏడు.

"పొద్దున వంద చూపించింది కదా!"

"దిష్టి తగిలిందేమో బావా."

అప్పుడే పెద్ద డాక్టరు లోపలికి వచ్చింది. బావ ఆ క్షణం నుంచి 'సర్' అయ్యాడు. మూడు మిషన్లూ ఒకే రోజు పడిపోయాయంటే కరెంటులోనే ఏదో ఉందని ఆవిడ ఎలక్ట్రీషియన్‌ను పిలిపించింది. అతను మెయిన్ ఆపి ప్యానెల్ విప్పాడు. ఆవిడ రోగులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి రేపు రావద్దని చెప్పసాగింది.

ఎదుటి లాడ్జిలో దిగిన లారీ డ్రైవరు ఫోన్ పెట్టేసి నేరుగా వచ్చేశాడు. "ఇంకా మూడు రోజుల చికిత్సే మిగిలింది సార్. మధ్యలో ఆపితే చేసిందంతా వృథా అన్నది మీరే కదా?"

"రేపు తొమ్మిదికి రా," అన్నాడు ఫిజిసిస్టు.

"ఏ మిషన్ మీద?" అంది డాక్టరు.

"ఏదైనా సరే మేడమ్. మూడూ ఒక్కటయ్యేదాకా నేను ఇల్లు చేరను." ఆయావైపు తిరిగాడు. "తొట్టి ఖాళీ చేసి మళ్ళీ నింపమ్మా. మొదటినుంచీ కొలుద్దాం."

ఆయా కదల్లేదు. "కరెంటు లేదు కదా బాబూ, గీజరు పనిచెయ్యట్లేదు. చన్నీళ్ళు పరవాలేదా?"

"గీజరా?"

"ఆ బాబు పాపం తుమ్ముతున్నాడని రెండో గది నుంచీ వెచ్చటి నీళ్ళే తెస్తున్నా."

ఫిజిసిస్టు బావమరిదిని చూశాడు. "చెయ్యి పెట్టింది నువ్వు కదరా, తెలియలేదా?"

"హాయిగానే ఉంది సర్. ఏసీ తగ్గించారనుకున్నా."

పెట్టెలోంచి థర్మామీటరు బయటికి వచ్చింది. తొట్టిలో నీళ్ళు ముప్ఫై ఒక్క డిగ్రీలు. తొమ్మిది డిగ్రీలకు మూడు శాతం. లెక్క సరిపోయింది.

"అయితే పొద్దున మూడూ సమానంగానే ఉన్నాయా?" అంది డాక్టరు.

"ఉన్నాయి మేడమ్. ఇప్పుడు రెండు ఎక్కువున్నాయి. మేం పెంచినవి."

కరెంటు వచ్చాక, పెంచినదంతా తగ్గించి, ప్రతి గదిలో థర్మామీటరు ముంచి, చన్నీళ్ళతో కొలిచారు. సాయంత్రం ఏడింటికి మూడూ వంద. ఈలోగా ఇంజినీరు పదకొండుసార్లు తుమ్మాడు. డాక్టరు ఇరవై ఆరుగురికీ రమ్మని మళ్ళీ ఫోన్ చేసింది. మర్నాడు తొమ్మిదింటికి లారీ డ్రైవరు రెండో మిషన్ మీద పడుకున్నాడు.

రిజిస్టరులో 'తేడాకు కారణం' అన్న గడి దగ్గర ఫిజిసిస్టు ఒక్క మాట రాశాడు: జలుబు.